రేకు పడవ అన్నాక నీళ్లలో తిరగాలి

పాత రేకు బొమ్మలు పోగేసేవాళ్లలో చాలామంది రీఇష్యూ, అంటే పాత నమూనాలోనే మళ్లీ కొత్తగా తయారుచేసిన బొమ్మ, అనగానే మొహం తిప్పుకుంటారు. నా అల్మారాలో మాత్రం పాత పడవల పక్కనే కొత్తగా తయారైనవీ ఉంటాయి. పడవ అన్నాక తేలాలి, కదలాలి. వందేళ్ల రేకుని నీళ్లలో దించడానికి నాకు మనసొప్పదు. ఆ సరదా తీర్చేది రీఇష్యూనే.

ఎందుకు ఒప్పదంటే, ఈ బొమ్మల రేకు అసలు ఉక్కే. దాని మీద తగరం పూత పల్చగా ఉంటుంది, ఆ పైన రంగు. రేకుని కత్తిరించిన అంచుల్లో, మడిచి బిగించిన చోట్ల ఉక్కు బయటపడే ఉంటుంది. తడి అక్కడే చేరుతుంది. తుప్పు లోపల్లోపలే పాకి రంగుని కింద నుంచి పైకి లేపుతుంది. మన కంటికి ఒక చిన్న బుడగ కనిపించేసరికే అంచు సగం తినేసి ఉంటుంది. పైగా ఆడుకుంటూ నీళ్లలో ముంచేసినవీ తక్కువేం కాదు. మార్క్‌లిన్, బింగ్ లాంటి జర్మన్ కంపెనీలు చేతితో రంగులేసిన పెద్ద ఓడలు బాగున్న స్థితిలో దొరకడం అందుకే అంత అరుదు.

నాకు అన్నిటికన్నా ఇష్టం పాప్‌పాప్ పడవ. 1891లో థామస్ పియో అనే ఆయన బ్రిటన్‌లో దీనికి పేటెంట్‌కి దరఖాస్తు చేశాడు. దాదాపు పాతికేళ్లకి అమెరికాలో చార్లెస్ మెక్‌హ్యూ పల్చటి రేకు మూత ఉన్న బాయిలర్‌తో దాన్ని మెరుగుపరిచాడు. లోపల తిరిగే భాగం ఒక్కటీ ఉండదు. చిన్న బాయిలర్, వెనక్కి నీళ్లలోకి దిగే రెండు గొట్టాలు, కింద ఒక కొవ్వొత్తి ముక్క, అంతే. ముందు గొట్టాల్లోంచి నీళ్లు పోసి బాయిలర్ నింపాలి, లేకపోతే పడవ కదలదు. వేడికి ఆవిరి పుట్టి గొట్టాల్లోని నీటిని వెనక్కి తోస్తుంది. ఆవిరి చల్లబడగానే నీళ్లు మళ్లీ లోపలికి వస్తాయి. మరి పడవ ముందుకీ వెనక్కీ ఊగుతూ అక్కడే ఉండిపోవాలి కదా? బయటికి పోయే నీళ్లు ఒకే ధారగా వెనక్కి వెళ్తాయి, లోపలికి వచ్చేవి మాత్రం అన్ని వైపుల నుంచీ వస్తాయి. అందుకే ముందుకే పోతుంది. పైనున్న పల్చటి మూత లోపలికీ బయటికీ వంగడం వల్ల ఆ టకటక శబ్దం వస్తుంది. ఎన్నిసార్లు విన్నా నాకు విసుగు రాదు.

కొత్తదాన్నీ పాతదాన్నీ పోల్చుకోవడం కష్టమేం కాదు, భూతద్దం ఉంటే చాలు. ఫొటో పద్ధతిలో నాలుగు రంగుల్లో అచ్చయిన రేకు మీద చుక్కలు వరసగా, గళ్లల్లో పేర్చినట్టు కనిపిస్తాయి. పాత లిథో అచ్చులో, అంటే రాతి అచ్చులో, రంగు నిండుగా పరుచుకుని ఉంటుంది, చుక్కలున్నా క్రమం తప్పి ఉంటాయి. అడుగున ముద్ర కూడా చూస్తాను. 'ఆక్యుపైడ్ జపాన్' అని ఉంటే రెండో ప్రపంచ యుద్ధం తర్వాత, 1952 లోపు తయారైందన్నమాట. కీ ఇస్తే నడిచే పడవైతే కీ పెట్టే రంధ్రం చుట్టూ రంగు ఎంత అరిగిందో చూడండి. నిజంగా ఆడుకున్న పడవకి అక్కడ గుండ్రంగా, మెల్లగా పల్చబడిన అరుగుదల ఉంటుంది. గీకి అరగదీసినదైతే గీతలు ఒకే దిక్కుకి పోతాయి.

నాకు కోపం తెప్పించేది ఆ గీకుడే. రీఇష్యూ మీది గుర్తు చెరిపేసి, యాసిడ్‌తో తుప్పు పట్టించి పాతదని అమ్మేవాళ్లున్నారు. రీఇష్యూలో తప్పు లేదు, దాని వయసు దాచడంలో ఉంది. అలాగే పాత పడవకి మళ్లీ రంగేయడం కూడా నేను ఒప్పుకోను. సగం రంగు పోయినా అసలు రంగే ముద్దు. ఇంగ్లండ్‌లో 1984 వరకు నడిచిన సట్‌క్లిఫ్ కంపెనీ స్పీడ్‌బోట్లు సొట్టలతో ఉన్నా పర్లేదు, రంగు అసలుదైతే తీసుకుంటాను.

పాత రంగులోనూ టంకంలోనూ సీసం ఉండొచ్చు, వాటిని పిల్లల చేతికి ఇవ్వకండి. రీఇష్యూ కూడా బొమ్మ కాదని పెట్టె మీద రాసి ఉంటే ఆ మాట పట్టించుకోండి. తిప్పడం అయ్యాక బాయిలర్‌లో నీళ్లు పూర్తిగా వంచేసి, మడతల్లో గుడ్డతో అద్ది, పూర్తిగా ఆరాకే పెట్టెలో పెట్టండి.