మైకులో పిలిస్తే ముగ్గురు ఆగారు

సింహాచలం గిరి ప్రదక్షిణ రాత్రి హనుమంతవాక దగ్గర తప్పిపోయినవాళ్ల పేర్లు మైకులో చదువుతున్నారు. "అప్పలరాజు గారూ, ఎక్కడున్నా రావాలి, మీవాళ్లు ఇక్కడ ఎదురుచూస్తున్నారు." మా ముందు నడుస్తున్న గుంపులో ముగ్గురు ఆగిపోయారు. 32 కిలోమీటర్ల నడకలో కాళ్ల నొప్పులు మరిచిపోయి అందరం నవ్వుకున్నది అక్కడే.

విశాఖలో ఇది వింతేం కాదు. సింహాచలం కొండ మీది దేవుణ్ని ఇక్కడ అందరూ అప్పన్న అంటారు, పిల్లలకీ ఆయన పేర్లే. అప్పన్న, అప్పలస్వామి, అప్పలనాయుడు, సింహాచలం, సింహాద్రి, ఆడవాళ్లలో వరహాలమ్మ, అప్పలనరసమ్మ. మా చుట్టాల్లో సింహాచలాలే నలుగురున్నారు. కొండ పేరే మనిషికి పెట్టేశారు! మన్యం నుంచి సముద్రం దాకా ఈ పేర్లే. అప్పారావు అనగానే 1862లో ఎస్.రాయవరంలో పుట్టిన గురజాడ గుర్తొస్తారు. ఉత్తరాంధ్ర పల్లె కథలు రాసిన అట్టాడ వారు కూడా అప్పల్నాయుడే.

ఆ అప్పన్నకి సంకల్పంలో అర్చకులు చెప్పే పేరు శ్రీ వరాహ లక్ష్మీనరసింహస్వామి. హిరణ్యాక్షుణ్ని చంపిన వరాహం, హిరణ్యకశిపుణ్ని చీల్చిన నరసింహం ఒక్క మూర్తిలోనే. తలుచుకుంటేనే భయం వేసే రూపం. అందుకే ఏడాది పొడవునా గంధం పూతలో ఉంటారు, చూడ్డానికి లింగంలా కనిపిస్తారు. వైశాఖ శుద్ధ తదియ నాడు, చందనోత్సవానికి, ఆ పూత తీస్తే నిజరూపం. ఆ ఒక్కరోజే. రాత్రికి మళ్లీ మొదటి విడత చందనం.

నాకనిపిస్తుంది, 'అప్పన్న' కూడా అలాంటి గంధం పూతే. అప్ప అంటే పాత మాటలో తండ్రి, మావైపు అక్క కూడా. ఆ పక్కనే అన్న. కోరల దేవుడికి మనవాళ్లు ఇంటి వరసలు పూసి చల్లబరిచారు. కొడుకు ఉద్యోగానికి మొక్కుకునేవాడు అంత పెద్ద పేరు పలుకుతూ కూర్చోడు కదా, "అప్పన్నా, నువ్వే చూడాలి" అంటాడు, అంతే.

భాగవతంలో అజామిళుడు ప్రాణం పోయేటప్పుడు చిన్నకొడుకుని "నారాయణా" అని పిలిచాడు. పిలిచింది కొడుకునే, వచ్చింది విష్ణుదూతలు. ఆ లెక్కన మా ఊళ్లో తల్లులు రోజుకి ఎంత నామజపం చేస్తారో! అందులో సగం తిట్లతో కలిపే.

రెండేళ్ల కిందట మా ఇంట్లో బాబుకి నామకరణం జరిగింది. పళ్లెంలో బియ్యం మీద ముందు 'అప్పన్న' అని రాయించారు, దాని కింద స్కూలు కోసం ఇంకో పేరు. పురోహితుడు రెండోదాన్ని పలకడానికి కాస్త తడబడ్డాడు. పిల్లాడికిప్పుడు రెండేళ్లు. స్కూలు పేరుతో పిలిస్తే తిరిగి చూడడు. మా అమ్మ వంటింట్లోంచి "ఒరే అప్పిగా, బియ్యం డబ్బాలో చెయ్యి తియ్యరా" అంటే మాత్రం తీస్తాడు.