పర్లాకిమిడికి ఏడో నంబర్ బంతి

"వచ్చేటప్పుడు మిఠాయిలూ పళ్ళూ ఏటీ తేకు. ఒక ఏడో నంబర్ బంతి తే చాలు" అన్నాడు మావయ్య ఫోన్లో.

ఏడో నంబర్ అంటే మగవాళ్ళు ఆడే బాస్కెట్‌బాల్. చుట్టుకొలత 75 సెంటీమీటర్లు, బరువు సుమారు 600 గ్రాములు. వైజాగ్‌లో కొన్నాను గానీ బ్యాగులో పట్టలేదు. గాలి తీసేసి, చొక్కాల మధ్య అప్పడంలా సర్దాను. గాలి ఎక్కించే పిన్ను మాత్రం టేబుల్ మీదే ఉండిపోయింది. ఆ సంగతి పర్లాకిమిడిలో దిగాక గానీ నాకు తెలీలేదు.

గుణుపూర్ పాసింజర్‌లో శ్రీకాకుళం రోడ్డు దాటేదాకా నిలబడే వెళ్ళాను. నౌపడాలో మెయిన్ లైను వదిలాక జనం పల్చబడ్డారు, కిటికీ పక్కన చోటు దొరికింది. ఈ నౌపడా లైను పర్లాకిమిడి రాజావారు వేయించిన చిన్న రైలు. 1900లో మొదలైంది. మా అమ్మ చిన్నప్పుడు ఎక్కిందీ అదే. ఎత్తు వచ్చినప్పుడు మగవాళ్ళు దిగి పక్కన నడిచేవారని, మళ్ళీ ఎక్కేవారని చెప్పేది. నేనెప్పుడూ పూర్తిగా నమ్మలేదు. ఇప్పుడది బ్రాడ్‌గేజి. టెక్కలి, టెంబూరు, పాతపట్నం దాటితే పర్లాకిమిడి. పాతపట్నం మనది, పర్లాకిమిడి ఒడిశాది. మధ్యలో సరిహద్దు ఎక్కడొచ్చిందో చూద్దామనుకుని ప్రతిసారీ కిటికీలోంచి తల బయటపెడతాను, ప్రతిసారీ దాటేశాకే గుర్తొస్తుంది. బోర్డుల మీద గుండ్రటి ఒడియా అక్షరాలు కనబడితే వచ్చేశామన్నమాట.

1936 ఏప్రిల్ 1న ఒరిస్సా ఏర్పడినప్పుడు ఈ పట్నం అటు వెళ్ళింది, రాజావారి పల్లెలు చాలావరకు ఇటే మద్రాసులో ఉండిపోయాయి. గిడుగు రామమూర్తి గారు అది సహించలేక, అన్నేళ్ళు పాఠాలు చెప్పిన ఊరు వదిలి రాజమండ్రి వెళ్ళిపోయారు. మా అమ్మవాళ్ళు ఎక్కడికీ వెళ్ళలేదు. ఇంట్లో తెలుగు, బడిలో ఒడియా, గ్రౌండ్‌లో రెండూ కలిపి. మావయ్య అక్కడే డ్రిల్ మాస్టారుగా చేరి, అదే బడిలో రిటైరయ్యాడు.

స్టేషన్‌కి సైకిల్ మీద వచ్చాడు. డెబ్బైకి దగ్గరపడ్డా ఎముకల్లో వంపు లేదు.

"బంతేదిరా?"

బ్యాగు తీసి చూపించాను.

"పిన్నో?"

నా మొహం చూసి ఇంకేం అడగలేదు. నేరుగా బజారుకి తీసుకెళ్ళాడు. మొదటి సైకిల్ షాపులో పంపు ఉంది, పిన్ను లేదు. రెండో షాపాయన పిన్నంటూ ట్యూబు వాల్వు ఒకటి తీశాడు. మావయ్య దాన్ని అటూ ఇటూ తిప్పి చూసి, ఆయన్ని చిన్నబుచ్చకుండా వెనక్కిచ్చేశాడు. కొమ్ముతో కొంగలూ చేపలూ చేసి అమ్మే దుకాణం ముందు ఒక కుర్రాడు మమ్మల్ని చూసి ఆగాడు. సంగతి విని, ఇంటికి పరిగెత్తి వాళ్ళన్న ఫుట్‌బాల్ పిన్ను పట్టుకొచ్చాడు. ఫుట్‌బాల్‌కైనా వాలీబాల్‌కైనా పిన్ను ఒకటే. మావయ్య దాన్ని నోట్లో పెట్టుకుని తడి చేసి, బంతి రంధ్రంలోకి మెల్లగా తిప్పుతూ దించాడు. పొడిగా గుచ్చితే లోపలి రబ్బరు చిరుగుతుందట. నలభై పంపులు కొట్టాక బంతిని రొమ్ము ఎత్తు నుంచి వదిలాడు. అది నడుం దాకా లేచింది. "ఇంకో నాలుగు" అన్నాడు.

గ్రౌండ్ ఇంటికి రెండు వీధుల అవతల. అంతా ఎర్రమట్టి. సిమెంట్ దిమ్మలో పాతిన ఇనప గొట్టం, దానికి రెండు ప్లైవుడ్ ముక్కలు కలిపి కొట్టిన బోర్డు, వెల్డింగ్ షాపులో కడ్డీ వంచి చేయించిన రింగు. ఎడమవైపు ఒక అంగుళం వాలి ఉంటుంది. పిల్లలు ఆ వాలుకి అలవాటుపడిపోయారు. బోర్డు మీద తెల్లరంగుతో గీసిన పెట్టె మాత్రం కొలత తప్పలేదు. వెడల్పు 59 సెంటీమీటర్లు, ఎత్తు 45. టేపు పెట్టి తనే గీశాడు.

మావయ్య చెప్పే పాఠమంతా ఆ పెట్టెలోనే. రింగుకి ఏటవాలుగా నిలబడాలి. పెట్టెలో మనవైపు పై మూలకి బంతిని తాకించాలి, గట్టిగా కాదు, తట్టినట్టు. మిగతాది బోర్డు చూసుకుంటుంది. దాన్ని ఆయన 'బోర్డు షాట్' అంటాడు. ఎగిరి బంతిని పైనుంచి రింగులో కుక్కి, రింగు పట్టుకుని వేలాడే డంక్ అంటే ఆయనకి పడదు. ఆ రింగుకి అసలే పడదు, ఊడి చేతికొస్తుంది.

"మరి డంకన్ పేరులోనే డంక్ ఉంది కదా సార్" అన్నాడు పిన్ను తెచ్చిన కుర్రాడు.

"పేరుదేముందిరా. వాడి షాట్ చూడు."

ఈ డంకన్ గొడవ మా ఇంట్లో పాతదే. టిమ్ డంకన్, అమెరికా బాస్కెట్‌బాల్ లీగ్ ఎన్‌బీఏలో ఆడిన 6 అడుగుల 11 అంగుళాల మనిషి. శాన్ ఆంటోనియో స్పర్స్ అనే ఒకే ఒక్క జట్టుకి, గ్రెగ్ పొపోవిచ్ అనే ఒకే కోచ్ కింద 19 సీజన్లు ఆడాడు. ఐదు ఛాంపియన్‌షిప్పులు: 1999, 2003, 2005, 2007, 2014. పాయింట్లు 26,496. రీబౌండ్లు, అంటే గురి తప్పి తిరిగొచ్చిన బంతిని అందుకోవడం, 15,091. ఈ అంకెలు మా అత్త కూడా అప్పజెప్పగలదు, అన్నిసార్లు విని ఉంది. షకీల్ ఓనీల్ అతనికి పెట్టిన పేరు 'బిగ్ ఫండమెంటల్'. ప్రాథమిక పాఠాలు తప్పకుండా చదివే పెద్ద పిల్లాడు అని అర్థం చెప్పుకోవచ్చు. ఈలలు పడే ఆట కాదు. బోర్డుకి తట్టి రెండు పాయింట్లు వేసి, మొహంలో ఏమీ లేకుండా వెనక్కి పరిగెడతాడు. నిజం చెప్పాలంటే నాకు బోరు కొట్టేది. మావయ్యకి అదే ఇష్టం.

రాత్రి అన్నాల దగ్గర మళ్ళీ అదే కథ వచ్చింది. డంకన్ 1976లో సెయింట్ క్రాయ్ దీవిలో పుట్టాడు. యూఎస్ వర్జిన్ ఐలాండ్స్‌లో ఉంటుందది. అతను మొదట బాస్కెట్‌బాల్ ముట్టుకోలేదు, ఈతగాడు. 400 మీటర్ల ఫ్రీస్టయిల్. అక్క ట్రిషియా 1988 సియోల్ ఒలింపిక్స్‌లో ఈదింది, తనూ ఆ దారిలోనే ఉన్నాడు. 1989 సెప్టెంబర్‌లో హ్యూగో తుఫాను వచ్చి, ఆ దీవిలో ఉన్న ఒకే ఒక్క ఒలింపిక్ కొలనుని నాశనం చేసింది. సముద్రంలో ఈదమన్నారు. పిల్లాడికి షార్కులంటే భయం. ఈత ఆగిపోయింది. తర్వాత వాళ్ళ బావ బాస్కెట్‌బాల్ వైపు తిప్పాడు.

"అంటే తుఫాను రాకపోతే ఇంత ఆటగాడు అయ్యేవాడు కాదన్నమాట. ఒక రకంగా మంచికే వచ్చింది" అన్నాను, పప్పు కలుపుకుంటూ.

మావయ్య చెయ్యి కంచంలో ఆగిపోయింది.

"అందరూ అలగే అంటారు. సెప్టెంబర్‌లో కొలను పోయింది. ఏప్రిల్‌లో వాళ్ళమ్మ కేన్సర్‌తో పోయింది. మర్నాడు వాడికి పద్నాలుగో పుట్టినరోజు. దాన్ని మంచికి అంటారేట్రా?"

అత్త నాకేసి చూసి మజ్జిగ గిన్నె ముందుకు జరిపింది. నేను తలెత్తలేదు.

ఆయన అలా అనడానికి కారణం నాకు తెలియకపోలేదు. 2018 అక్టోబర్ 11 తెల్లవారుజామున తిత్లీ తుఫాను పలాస దగ్గర తీరం దాటింది. గంటకి 140, 150 కిలోమీటర్ల గాలి. ఇటు ఉద్దానంలో కొబ్బరి, జీడి తోటలు నేలకి ఒరిగిపోయాయి. అటు గజపతి జిల్లా కొండల్లో వానకి కొండచరియలు విరిగాయి. బరఘరాలో గుహలో తలదాచుకున్నవాళ్ళ మీదే పడ్డాయి. ఆ రోజుల్లో ఫోన్లు పనిచేయక అమ్మ మూడు రోజులు అన్నం సరిగా తినలేదు. ఆ గాలికే గ్రౌండ్‌లో పాత బోర్డు రింగుతో సహా లేచిపోయింది. వారం తర్వాత చెరువులో తేలుతూ కనిపించింది. కొత్తది ఇప్పించమని మావయ్య ఒక ఆఫీసులో అర్జీ పెట్టుకున్నాడు. "పైకి రాస్తాం" అన్నారు. ఎంత పైకో మరి. చివరికి పింఛను డబ్బులతో ప్లైవుడ్ కొన్నాడు.

కాసేపాగి మావయ్యే మళ్ళీ ఎత్తుకున్నాడు. డంకన్‌ని కాలేజీ మధ్యలోనే వచ్చేయమని, మొదటి పిలుపు నీకేనని ఎందరో అన్నారట. వేక్ ఫారెస్ట్ యూనివర్సిటీలో నాలుగేళ్ళూ చదివి, సైకాలజీ డిగ్రీ పట్టుకునే కదిలాడు. డిగ్రీ తీసుకుంటానని అమ్మకి మాటిచ్చాడు కాబట్టి. ఆ తర్వాత 1997 డ్రాఫ్ట్‌లో, అంటే జట్లు కొత్త ఆటగాళ్ళని వరసగా ఎంచుకునే చోట, మొట్టమొదట పిలిచిన పేరు అతనిదే.

"2003 ఫైనల్స్ ఆఖరి మ్యాచి చెప్పండి" అంది అత్త, కావాలనే.

"న్యూజెర్సీ మీద. 21 పాయింట్లు, 20 రీబౌండ్లు, 10 అసిస్టులు, 8 బ్లాకులు" అన్నాడు మావయ్య. అసిస్టంటే తోటివాడికి బంతి అందించి షాట్ వేయించడం, బ్లాకంటే ఎదుటివాడి షాట్‌కి చెయ్యి అడ్డుపెట్టడం. మొహం కాస్త తేలికపడింది.

ఆయన టీవీలో చూసి బాధపడింది మాత్రం 2013 జూన్‌లో. అక్కడ రాత్రి ఆడే మ్యాచి మనకి పొద్దున్న ఆరున్నరకి వస్తుంది. ఫైనల్స్‌లో మయామీతో ఆఖరిదైన ఏడో ఆట. నిమిషం కూడా మిగల్లేదు, స్పర్స్ రెండు పాయింట్లు వెనక. డంకన్ రింగు కింద, చెయ్యి చాపితే అందేంత దగ్గర్లో షాట్ వేసి మిస్సయ్యాడు. తిరిగొచ్చిన బంతిని తట్టాడు, అదీ పోయింది. వెనక్కి వెళ్ళి రెండు చేతులతో నేలని చరిచాడు. మావయ్య టీవీ కట్టేసి బడికెళ్ళి, ప్రార్థనలో సావధాన్ అనాల్సిన చోట విశ్రామ్ అన్నాడట. వందలమంది పిల్లలు ఎటూ కాకుండా నిలబడ్డారట. ఆ అక్టోబర్‌లోనే ఒడిశాలో గోపాల్‌పూర్ దగ్గర ఫైలిన్ తుఫాను తీరం దాటింది. మరుసటి జూన్‌లో స్పర్స్ అదే మయామీని 4-1తో కొట్టింది. డంకన్‌కి అప్పటికి 38 ఏళ్ళు.

2016 జూలై 11న రిటైరయ్యాడు. వీడ్కోలు యాత్రల్లేవు, ప్రెస్‌మీట్ లేదు, జట్టు ఒక ప్రకటన ఇచ్చింది, అంతే. మావయ్యా ఆ ఏడాదే రిటైరయ్యాడు. బడిలో శాలువా, పూలదండ, సమోసాలు సిద్ధం చేసి కూర్చున్నారు. ఈయన మధ్యాహ్నమే స్టోర్‌రూమ్ తాళాలు అప్పజెప్పి, పక్క గేటులోంచి వచ్చేశాడు. శాలువా ఇంటికి పంపారు. ఇప్పుడది కుట్టుమిషను మీద కప్పి ఉంది.

"2017లో వాళ్ళ దీవుల మీద ఇర్మా, మరియా తుఫాన్లు వరసగా వచ్చినప్పుడు డంకన్ ఏం చేశాడో తెలుసా?" అన్నాడు పడుకోబోతూ. రెండున్నర లక్షల డాలర్లు వెంటనే ఇచ్చాడు. మిగతావాళ్ళు ఇచ్చే మొదటి పది లక్షల డాలర్లకి అంతే మొత్తం తనూ కలుపుతానన్నాడు. హ్యూగో రాత్రిని గుర్తుచేసుకుంటూ సాయం చేయండని రాశాడు. ఎప్పుడూ నోరు విప్పని మనిషి. తిండి సరుకులతో స్వయంగా సెయింట్ క్రాయ్ వెళ్ళాడు. "కొలను పోయినవాడికే తెలుస్తాదిరా" అని లైటు ఆర్పేశాడు.

మర్నాడు పొద్దున్న ఆరింటికే గ్రౌండ్‌కి వెళ్ళాం. కొత్త బంతి కోసం పదిమంది ముందే వచ్చేశారు. అందులో పన్నెండేళ్ళ పిల్ల ఒకతి, చెప్పులు విప్పి గొట్టం పక్కన పెట్టి, వరసగా ఆరు బోర్డు షాట్లు వేసింది. ఏడోది ఎడమ వాలుకి తగిలి బయటికొచ్చింది. తన తప్పు కాదన్నట్టు రింగుకేసి చూసింది. తర్వాత బంతి నా చేతిలో పెట్టారు. మొదటి నాలుగు బోర్డు దాటి వెనక పొదల్లో పడ్డాయి.

"రింగు చూడకండి అంకుల్, పెట్టె చూడండి" అంది ఆ పిల్ల.

పెట్టె చూశాను. పన్నెండు వేస్తే మూడు పడ్డాయి. మావయ్య ఏమీ అనలేదు. ఎక్కణ్నుంచో ఒక స్టూలు తెచ్చి, పానా పట్టుకుని రింగు బోల్టు బిగించడం మొదలుపెట్టాడు. బండి టైమవుతోందన్నాను. "మంచిది. అమ్మని అడిగానని చెప్పు" అన్నాడు, తల తిప్పకుండానే. పిన్ను తెచ్చిన కుర్రాడు నన్ను సైకిల్ మీద ఎక్కించుకుని స్టేషన్‌లో దింపాడు.