తిరుగు అంటే తిరగడమే, నడవడం కాదు

మూడో తరగతి పిల్లలకు కంప్యూటర్ నేర్పాలంటే మొదటి రెండు వారాలు ఆ గది తాళం తియ్యక్కర్లేదు. బడి ముంగిట్లో ముగ్గుపిండితో నిలువు 5, అడ్డం 5 గళ్లు గియ్యండి. ఒక్కో గడి అడుగున్నర ఉండాలి. అంతకన్నా చిన్నదైతే పిల్ల తిరిగేటప్పుడు కాలు పక్క గడిలో పడుతుంది. మధ్య వరసంతా పంట కాలువ, అందులో ఒక్క గడి వంతెన. ఈ మూల రేవు, ఎదుటి మూల కొబ్బరి తోట. పాత క్యాలెండరు అట్టలు కత్తిరించి ‘ముందుకు’ చీటీలు 12, ‘కుడికి తిరుగు’ 4, ‘ఎడమకు తిరుగు’ 4 రాసుకోండి.

ఒకరు రోబో. రోబో రేవు నుంచి తోటకి చేరేలా ఇద్దరు చీటీలు పేరుస్తారు. పేర్చడం పూర్తయ్యేదాకా రోబో కదలకూడదు. అడుగడుక్కీ అరిచి చెప్పనిచ్చారా, అది దారి చూపించడమే అవుతుంది, ప్రోగ్రాం అవదు.

తప్పు ఎక్కువగా ఒక్క చోటే వస్తుంది. ‘కుడికి తిరుగు’ చీటీ చూడగానే రోబో తిరిగి ఒక గడి ముందుకు కూడా వేసేస్తుంది, కాలవలో పడుతుంది. పిల్లల తప్పేం కాదు. “లాకుల దగ్గర కుడికి తిరుగు” అంటే తిరిగి అక్కడే నిలబడమని మనూళ్లో ఎవరనుకుంటారు? అందుకే ముందు ఒక పూట ఉత్త తిరగడమే ఆడించాలి. రెండో తిప్పలు: రోబో మనకేసి వస్తున్నప్పుడు దాని కుడి మన ఎడమవైపు ఉంటుంది. రోబో కుడిచేతికి ఎర్ర రిబ్బను కడితే సరి.

దారి తప్పితే చీటీలన్నీ చెరిపెయ్యనివ్వకండి. మొదటి నుంచి ఒక్కో చీటీ మీద వేలు పెడుతూ నడిపించి, తప్పిన ఆ ఒక్కటే మార్పించండి.

తర్వాత కంప్యూటర్ మీద స్క్రాచ్: ఆదేశాలు రాసిన దిమ్మెలు ఒకదాని కింద ఒకటి పేర్చి తెర మీది పిల్లి బొమ్మని నడిపించే సాఫ్ట్‌వేర్. అమెరికాలోని ఎంఐటీ విశ్వవిద్యాలయంలో తయారైంది, ఉచితం. ఒకసారి దింపుకుంటే నెట్ లేకుండా నడుస్తుంది. వానాకాలం లంక ఊళ్లకి అదే దిక్కు. ఇక్కడ పచ్చజెండా రెండోసారి నొక్కగానే పిల్లి ఆగిన చోటు నుంచే బయల్దేరి అంచుకి పోతుంది, “పాడైపోయింది” అని గోల. జెండా కిందే x 0, y 0కి (తెర మధ్యకి) వెళ్లు, 90 దిక్కుకి (కుడివైపుకి) చూడు అన్న దిమ్మెలు పెట్టించండి. గీతలు గియ్యాలంటే కలం దిమ్మెలు విడిగా చేర్చుకోవాలి, ఎడమవైపు అడుగున ఉన్న బటన్‌తో.

చతురస్రం తేలిక: 100 అడుగులు, 90 డిగ్రీలు, 4 సార్లు. త్రిభుజం దగ్గరే అందరూ 60 పెడతారు. మూడుసార్లు తిరిగితే సగం షడ్భుజి వస్తుంది, మూసుకోదు. లోపలి కోణం 60 నిజమే, కానీ పిల్లి తిరగాల్సింది బయటివైపు, 120. బోర్డు మీద చెప్తే ఎక్కదు. ముగ్గుపిండితో పెద్ద త్రిభుజం గీసి, చేతులు ముందుకు చాపించి అంచు వెంట నడిపించండి. మూల దగ్గర చేతులు ఎంత దూరం తిరిగాయో చూశాక వాళ్లే గదిలోకి పరిగెత్తి అంకె మారుస్తారు.

మెషీన్‌కి ఇద్దరే: ఒకరికి మౌసు, ఒకరికి మాట, 7 నిమిషాలకోసారి మార్పు. మూడో పిల్లాడు కిటికీలోంచి కాలవ చూస్తూంటాడు. ఇక యూపీఎస్ లేని గదిలో కరెంటు పోతే చేసిందంతా పోయినట్టే, మార్పు గంట కొట్టినప్పుడల్లా సేవ్ కూడా కొట్టించండి.