గొంతుక్కూర్చుంటే ఏమంటారు?

మా అమ్మాయి డల్లాస్‌లో పుట్టి పెరిగింది. ఆర్ట్ కాలేజీలో రెండో ఏడు. చాలామంది మనుషులున్న ఒక పాత ఆయిల్ పెయింటింగ్‌ని మళ్ళీ వెయ్యమని సెలవుల్లో పనిచ్చారు. తోటి పిల్లలు రెంబ్రాంట్, కరవాజియో అంటుంటే తను రవివర్మని పట్టుకుంది. మైసూరు జగన్మోహన ప్యాలెస్‌లో ఉన్న 1889 నాటి గాయనీమణుల చిత్రం. పదకొండు మంది ఆడవాళ్ళు, ఒక్కొక్కరిదీ ఒక్కో ప్రాంతపు కట్టు. "వాళ్ళ చోట మనవాళ్ళని కూర్చోబెడతా" అంది.

అలా అమలాపురం దగ్గర మా అమ్మ ఇంటికొచ్చాం. వెలుతురు ఒక్క పక్క నుంచే పడాలని వసారా రెండోవైపు దుప్పటి కట్టించింది. పెద్దమ్మ, పిన్నులు, ఇద్దరు అత్తయ్యలు, పక్కింటివాళ్ళు వచ్చారు. అసలు పని అక్కడ మొదలైంది.

ఎలా కూర్చోవాలో చెప్పడానికి దానికి మాటల్లేవు. "కూర్చోండి" ఒక్కటే తెలుసు. మా అమ్మ ఒక్కొక్కటీ అందించింది. ఇది బాసింపట్టు. ఇది గొంతుక్కూర్చోవడం. ఇది కాళ్ళు బారజాపడం. గోడకి ఒరిగితే చేరగిలబడటం. ఆరేళ్ళు వారాంతపు తెలుగు బడికి తీసుకెళ్ళాను. గుణింతాలన్నీ వచ్చు. ఈ మాటలు మాత్రం నేనెప్పుడూ దాని ముందు అనలేదు. సోఫాల ఇంట్లో అవసరం పడలేదు.

మూడో రోజుకి "అత్తయ్యా, చేరగిలబడకండి, వీణ మీద నీడ పడుతోంది" అంటోంది. నాకు కళ్ళలో నీళ్ళు తిరిగాయి.

మధ్యలో రాజమండ్రి వెళ్ళి చిత్రకారుడు దామెర్ల రామారావు గ్యాలరీ చూశాం. 1925లో ఆయన పోయేనాటికి 28 ఏళ్ళైనా నిండలేదు. "నాకన్నా ఎనిమిదేళ్ళు పెద్ద, అంతే" అని చాలాసేపు కదల్లేదు.

తిరిగొచ్చాక రంగు మొదలెట్టింది. కింది పూతలో నూనె తక్కువ, పైకి వెళ్ళేకొద్దీ ఎక్కువ ఉండాలి, లేకపోతే తర్వాత బీటలు వారుతుందట. ముందుగా టర్పెంటైన్‌తో పల్చన చేసిన గోధుమరంగు పూసింది. ఆ వాసనకి అందరం పెరట్లోకి పరిగెత్తాం. ముసురు పట్టింది, పైపూత నాలుగు రోజులైనా చేతికి అంటుతూనే ఉంది.

పదిమందే కుదిరారు. పదకొండో చోట నన్ను కూర్చోమంది. మా అమ్మ డెబ్భై ఆరేళ్ళకి బాసింపట్టు వేసి గంట కదల్లేదు, నాకు పావుగంటకే కాలు తిమ్మిరెక్కింది.

"అమ్మా, కదలకు. గొంతుక్కూర్చుంటావా, పోనీ?"