చూపు బంతి మీద కాదు, నడుము మీద

అమెరికా బాస్కెట్‌బాల్ క్రీడాకారిణి టమీకా క్యాచింగ్స్ 2002 నుంచి 2016 దాకా ఇండియానా ఫీవర్ జట్టుకే ఆడింది. అక్కడి మహిళల లీగ్ డబ్ల్యూఎన్‌బీఏలో ఉత్తమ డిఫెండర్ అవార్డు 5 సార్లు, మొత్తం 1,074 స్టీల్స్, అంటే ఎదుటివాళ్ల దగ్గర్నుంచి బంతి లాక్కోవడాలు. 2012లో టైటిల్ కూడా. పుట్టుకతోనే వినికిడి లోపం ఉన్న మనిషి!

విజయవాడ సిమెంటు కోర్టుల్లో మన అమ్మాయిలు బంతి కనబడగానే చెయ్యి చాచేస్తారు. ఒంటి బరువు ముందుకు తూలుతుంది, అవతలి పిల్ల పక్కనుంచి దూసుకుపోతుంది, లేదా విజిల్ పడుతుంది. ఇక్కడ 5 ఫౌల్స్‌కే బయటికి. డబ్ల్యూఎన్‌బీఏలో అయితే 6.

బంతి లాక్కోవాలంటే మోకాళ్లు వంచి, చేతి దూరంలో నిలబడి, ఎదుటామె నడుము చూడాలి. కళ్లూ భుజాలూ మోసం చేస్తాయి, నడుము చెయ్యలేదు. పాదాలు కలవకుండా పక్కకి జరగాలి. బంతి నేలని తాకి లేచేటప్పుడు అరచెయ్యి పైకి పెట్టి కిందినుంచి తట్టాలి. పైనుంచి కొడితే దాదాపు ఫౌలే. అన్నట్టు, కోర్టు మీద దుమ్ముంటే ఇదంతా జారుడుబండే. ముందు తడిగుడ్డతో బూట్ల అడుగు తుడవండి.