రెసిస్టివిటీ మీటర్‌కు వోల్టేజి పెంచితే సరిపోతుందా?

బోరు పాయింట్లు చూసే జియాలజిస్టులు రెసిస్టివిటీ మీటర్ను, అంటే భూమిలోకి కరెంటు పంపి నేల దానికి ఎంత అడ్డుపడుతుందో కొలిచే మిషన్ను, బాగు చేయించుకోవడానికి మా షాపుకు వస్తే, పోయేముందు తప్పకుండా ఒక మాట అడుగుతారు: "అన్నా, దీనికి వోల్టేజి ఇంకాస్త పెంచగలవా?" వాళ్ల బాధ నిజమే. కదిరి వైపు ఏప్రిల్‌లో వేరుశనగ చేలో కడ్డీ దిగగొడితే పైన జానెడు మట్టి పొడిపొడిగా రాలిపోతుంది. కరెంటు దిగదు. 50 మిల్లీ ఆంపియర్లు పంపాలని కూర్చుంటే 20 దగ్గరే ముల్లు ఆగిపోతుంది. కాబట్టి బ్యాటరీ వోల్టేజిని పెంచే 400 వోల్టుల కన్వర్టర్ పీకి 800ది పెట్టమంటారు.

నేను పెట్టను. వోల్టేజి రెట్టింపైతే కరెంటూ రెట్టింపే, కానీ బ్యాటరీ మీద లోడు నాలుగింతలు పడుతుంది. పైగా వంద మీటర్ల అవతల కడ్డీ పట్టుకుని నిలబడేది కూలీకి వచ్చిన మనిషి. ఆయనకు ఇక్కడ బటన్ నొక్కింది కనపడదు.

తెలియనివాళ్ల కోసం: భూమిలో వరసగా నాలుగు కడ్డీలు పాతుతారు. బయటి రెండింటి గుండా కరెంటు పంపి, లోపలి రెండింటి మధ్య వోల్టేజి కొలుస్తారు. ఫ్రాన్స్‌లో కాన్రాడ్ ష్లుంబర్జే 1912 ప్రాంతంలో, అమెరికాలో ఫ్రాంక్ వెన్నర్ 1915లో వేసిన దారి ఇది. భూమి లోపలి బొమ్మను రంగుల్లో గీసే ఇవాళ్టి ఇమేజింగ్ మిషన్లలోనూ జరిగేది ఇదే, కాకపోతే కడ్డీలు పదుల్లో ఉంటాయి, ఉదాహరణకు 48, ఏ నాలుగు పనిచేయాలో రిలేలు (కరెంటుతో పనిచేసే స్విచ్‌లు) మారుస్తుంటాయి.

అసలు అడ్డమంతా (రెసిస్టెన్స్) కడ్డీకి మట్టి అంటుకునే చోట ఉంది. బయటి రెండు కడ్డీల దగ్గర కలిపి 20 కిలో ఓములు ఉంటే 400 వోల్టులకు దిగేది 20 మిల్లీ ఆంపియర్లే. అందుకే నేను మీటర్‌కు ముందు ఒక చిన్న చెకింగ్ బటన్ కలుపుతాను. తక్కువ వోల్టేజితో కడ్డీల అడ్డం ఎన్ని కిలో ఓములో తెరమీద చూపిస్తుంది. ఎక్కువ చూపిస్తే ఆ చోటికే మనిషిని పంపాలి. అడుగు, అడుగున్నర దూరంలో, లైనుకు అడ్డంగా ఇంకో కడ్డీ కొట్టి రెండింటినీ క్లిప్పుతో కలిపితే అడ్డం సగానికి దగ్గరగా పడిపోతుంది. ఉప్పు కలిపిన నీళ్లు పోస్తే ఇంకా తగ్గుతుంది. చాలామంది కడ్డీని అటూ ఇటూ ఊపుతూ దించుతారు. అలా చేస్తే చుట్టూ వెంట్రుకవాసి సందు పడి, నీళ్లు పోసేదాకా కడ్డీ సగం గాలిలోనే ఉంటుంది. నిటారుగా సుత్తితో కొట్టాలి. లోపలి కడ్డీల్లో మాత్రం ఒకదానికే ఉప్పునీళ్లు పోసి రెండోదాన్ని వదిలేయకూడదు, ఆ తేడాకే వోల్టేజి పుట్టి రీడింగ్ పాకుతూ ఉంటుంది.

రెండో సంగతి, కొలిచే వైపు. బయటి కడ్డీలు మధ్య నుంచి చెరో 100 మీటర్లు, లోపలి రెండింటి మధ్య 10 మీటర్లు అనుకోండి. నేల రెసిస్టివిటీ 200 ఓమ్-మీటర్లు, కరెంటు 20 మిల్లీ ఆంపియర్లు అయితే మనకు అందేది సుమారు 1.3 మిల్లీవోల్టులు. భూమిలో సహజంగా ఉండే వోల్టేజే ఒక్కోచోట పదుల మిల్లీవోల్టులు ఉంటుంది, అదీ నిలకడగా ఉండదు. పాత మీటర్లలో నాబ్ తిప్పుతూ దాన్ని సున్నా చేసేవాళ్లు, చెయ్యి తీసేలోపు అది మళ్లీ జరిగిపోయేది. ఇప్పుడు ఆ పని మైక్రోకంట్రోలర్‌కు వదిలేశాను. కరెంటు ఒకసారి ఇటు, ఒకసారి అటు, మళ్లీ ఇటు పంపి మూడు రీడింగులు తీస్తుంది. మొదటిదీ మూడోదీ కూడి, రెండోదాన్ని రెండుసార్లు తీసేసి, నాలుగుతో భాగిస్తే నిలిచి ఉన్న వోల్టేజీ పోతుంది, ఒకే వేగంతో జరిగేదీ పోతుంది. ఒక్కో రీడింగ్‌ను 20 మిల్లీ సెకన్ల గుణిజాల్లో సగటు తీయాలి. నంబులపూలకుంట సోలార్ పార్కు వైపు టవర్ లైన్ల కింద పనిచేసినవాళ్లకు ఎందుకో చెప్పక్కర్లేదు, ఆ లైన్ల 50 హెర్ట్జ్ కరెంటు గోల (దాని ఒక్కో చుట్టు 20 మిల్లీ సెకన్లు) అలా చాలావరకు చచ్చిపోతుంది.

యూట్యూబ్ చూసి సొంతంగా మీటర్ చేసుకునే కుర్రాళ్లు వోల్టేజిని అంకెల్లోకి మార్చే ఏడీఎస్ 1115 చిప్పును నేరుగా కడ్డీలకు కలుపుతున్నారు. చిప్పు మంచిదే. కానీ అన్నిటికన్నా సున్నితమైన రేంజ్‌లో దాని ఇన్‌పుట్ ఇంపిడెన్స్, అంటే కొలిచేటప్పుడు చిప్పు వైపు ఉండే అడ్డం, 710 కిలో ఓములు మాత్రమే. లోపలి కడ్డీల అడ్డం 70 కిలో ఓములుంటే రీడింగ్ 9 శాతం తక్కువ వస్తుంది, తెరమీద అంకె మాత్రం దర్జాగా దశాంశాలతో కనపడుతుంది. ముందర మంచి ఆప్-యాంప్ బఫర్ (కడ్డీల నుంచి దాదాపు కరెంటు లాగకుండా వోల్టేజిని చిప్పుకు అందించే సర్క్యూట్) పెట్టండి.

ఇక వైర్లు. మేకలు కొరికినవీ, ట్రాక్టర్ తొక్కినవీ చూడ్డానికి బాగానే ఉంటాయి, తడి గడ్డి మీద పరిస్తే మాత్రం దారిలోనే కరెంటు కారిపోతుంది. మోటార్ వైండింగ్ షాపులో మెగ్గర్ (ఇన్సులేషన్ చెక్ చేసే మీటర్) అడిగి తీసుకుని, వైరు చుట్టను కొసలు పైకి పెట్టి నీళ్ల బక్కెట్‌లో ముంచి చూడండి. కరెంటు వైరూ కొలిచే వైరూ ఒకే కేబుల్‌లో పక్కపక్కన పోనివ్వకండి. 48 కడ్డీల మిషన్ చేసేవాళ్లు ఇంకొకటి చూసుకోవాలి: ఇప్పుడే కరెంటు పంపిన కడ్డీతో వెంటనే వోల్టేజి కొలవకూడదు. దాని మీద చార్జి మిగిలి ఉంటుంది. స్వీడన్ శాస్త్రవేత్త టోర్లీఫ్ డాలిన్ 2000లో దీని మీదే ఒక పేపర్ రాశారు. ప్రోగ్రామ్‌లో వరస మారిస్తే చాలు, పైసా ఖర్చు లేదు.

ఇంత చేసినా బొమ్మకు ఒక లోతు హద్దు ఉంది. 48 కడ్డీలు 5 మీటర్లకొకటి వేస్తే లైను 235 మీటర్లు. వెన్నర్ పద్ధతిలో (నాలుగు కడ్డీల మధ్యా సమాన దూరం) అది బాగా చూపగలిగేది 40 మీటర్ల దాకా, అంటే సుమారు 130 అడుగులు. మొరం ఎంత మందం ఉంది, గట్టిబండ ఎక్కడ మొదలవుతుంది, ఏ వైపు లోతుకు దిగింది అన్నది దాంట్లో చక్కగా తేలుతుంది. మా దగ్గర బోర్లు వెయ్యి అడుగులు దాటుతున్నాయి. ఆ లోతున బండలో ఉండే బెత్తెడు గ్యాప్‌ను (నీళ్లుండే పగులును) ఇంత చిన్న లైనుతో రంగుల్లో చూపిస్తామని ఎవరైనా రైతు దగ్గర డబ్బులు అడిగితే, లైను ఎంత పొడవు వేశారో అడగండి. తెలిసిన రైతులందరికీ నేను అదే చెబుతున్నాను, ఇద్దరు ముగ్గురు జియాలజిస్టులు దీనికి నా మీద కోపంగా కూడా ఉన్నారు.