హైరాక్స్‌లో టైం ఎక్కడ పోతోంది?

హైరాక్స్ అంటే పరుగు, వ్యాయామాలు కలిసిన ఫిట్‌నెస్ రేసు. అందరి భయం స్లెడ్ (బరువులు పెట్టి నేల మీద జరిపే బండి) మీదే, టైం పోయేది మాత్రం పరుగులో. మొత్తం 8 కిలోమీటర్లు. ఒక్కో కిలోమీటరు అయ్యాక ఒక స్టేషన్, అంటే ఒక వ్యాయామం. మొదటి కిలోమీటరు జనంతోపాటు ఊపులో లాగేస్తే మొదటి స్టేషన్ స్కీఎర్గ్ (తాళ్లు కిందికి లాగే మెషీన్) దగ్గరే ఆయాసం మొదలు.

స్లెడ్ పుష్ (స్లెడ్‌ని తోయడం) మగవాళ్ల ఓపెన్ విభాగంలో స్లెడ్‌తో కలిపి 152 కిలోలు, 50 మీటర్లు. జిమ్ టర్ఫ్ మీద జారిన బరువే అక్కడి కార్పెట్ మీద మొరాయిస్తుంది. నడుము దించి, చిన్న అడుగులు వేయాలి. పూర్తిగా ఆగితే మళ్లీ కదిలించడానికే సగం బలం పోతుంది.

విడిగా పరుగు, విడిగా బరువులు చాలవు. వారానికోసారి కిలోమీటరు పరుగు, వెంటనే 25 వాల్‌బాల్స్ (స్క్వాట్ చేసి లేస్తూ బరువైన బంతిని గోడ మీది టార్గెట్‌కి విసరడం), ఇలా 4 రౌండ్లు. చివరి స్టేషన్‌లో 100 వాల్‌బాల్స్‌ని మొదటి నుంచే 20 చొప్పున విడగొట్టండి. అలసటలో స్క్వాట్ లోతు తగ్గితే నో రెప్, అంటే ఆ ఒక్కటి లెక్కలోకి రాదు.